ఫ్లోరైడ్ నీరు, ఫ్లోరైడ్ నేల: మొక్కలు, సూక్ష్మజీవులు చేయగల పని

ఫ్లోరిన్ ఒక మూలకం, నీటిలో కరిగినప్పుడు దాని రూపమే ఫ్లోరైడ్. మూలకాన్ని ఏ మొక్కా అరిగించుకోలేదు, ఏ సూక్ష్మజీవీ తిని హరించలేదు. నేలమీద ఒలికిన చమురును, పొలంలో మిగిలిపోయిన కొన్ని రకాల పురుగుమందులను బ్యాక్టీరియా ముక్కలు చేసి, చివరకు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చేస్తుంది. అక్కడితో ఆ విషం కథ ముగుస్తుంది. ఫ్లోరైడ్‌కు అలాంటి ముగింపు లేదు. అది నీటిలోంచి నేలలోకి, నేలలోంచి ఆకులోకి చోటు మారుతుంది. లేదా నీటిలో కరిగే రూపం వదిలి కరగని రూపంలోకి మారుతుంది. మొక్కలతో, సూక్ష్మజీవులతో ఫ్లోరైడ్‌ను శుద్ధి చేయడమంటే ఈ రెండు మార్పుల్లో ఏదో ఒకటి జరిగేలా చూడటమే. ఎంత ఫ్లోరైడ్ కదిలింది, ఏ రూపంలో ఉంది, చివరకు ఎక్కడికి చేరింది అన్న మూడు ప్రశ్నలతోనే ఈ పద్ధతుల విలువ తేలుతుంది.

ముందుగా ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. తెలంగాణలోని నల్లగొండ, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం, అనంతపురం ప్రాంతాల్లో నేల కింద చాలామేర గ్రానైట్, నీస్ రాళ్లు ఉన్నాయి. ఆ రాళ్లలో ఫ్లోరైట్, ఫ్లోరాపటైట్, నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాలుంటాయి. వీటన్నిటిలో ఫ్లోరిన్ ఉంది. వాననీరు రాతి పగుళ్లలోకి దిగి ఏళ్ల తరబడి నిలిచినప్పుడు ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా కరుగుతుంది. నీరు క్షారగుణంతో ఉండి, అందులో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఈ కరుగుడు మరింత పెరుగుతుంది. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా దిగిపోతుంది. అందుకే ఒకే ఊళ్లో ఒక బోరు నీరు తాగడానికి పనికొస్తే, నాలుగడుగుల దూరంలోని మరో బోరు నీరు పనికిరాకుండా పోవచ్చు. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడం, బోర్లు లోతుకు పోవడం ఈ ప్రాంతాల్లో సమస్యను పెంచిన మరో రెండు కారణాలు.

ఫ్లోరైడ్ ఎక్కువైన నీరు తాగితే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. దాన్ని మన దేశంలో వైద్యశాస్త్రం మొదట గుర్తించింది తెలుగు నేలమీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నట్టు ప్రకటించారు. ఆనాటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని లాన్సెట్ వైద్యపత్రికలో వివరించారు. పళ్లపై పసుపు, గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన వెన్ను, వంగిన కాళ్లు ఈ జబ్బు ఆనవాళ్లు. ఒకసారి ఎముకలో ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కు తిప్పే మందు లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భారతీయ ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యమైన హద్దుగా పెట్టి, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతించింది.

తాగునీటికి కొన్ని పరిష్కారాలు ఇప్పటికే ఉన్నాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో పటిక, సున్నం కలిపితే ఏర్పడే మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత ఆర్వో ప్లాంట్లు ఊరూరా వచ్చాయి. నల్లగొండకు కృష్ణా నీరు వచ్చింది. 2016లో తెలంగాణలో మిషన్ భగీరథ మొదలై, నది నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా ఇంటింటికీ అందించే పనికి పూనుకుంది. ఫ్లోరైడ్ లేని నది నీరు ఇంటికి చేరితే తాగునీటి ప్రశ్న చాలావరకు తీరినట్టే. పొలానికి మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల పారేది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరే. పంటకు, పశువుకు, నేలకు ఆ నీరే దిక్కు. మొక్కలు, సూక్ష్మజీవుల ద్వారా శుద్ధి అన్న మాట ఇక్కడే ఎక్కువ అవసరమవుతుంది.

మట్టిలో ఫ్లోరైడ్ అంతా ఒకే తీరుగా ఉండదు. మామూలు నేలల్లోనూ కిలో మట్టికి కొన్ని వందల మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. అందులో చాలాభాగం బంకమట్టి రేణువులకు, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకు, కాల్షియానికి అంటుకుని కదలకుండా ఉంటుంది. నీటిలో కరిగి వేరుకు అందేది ఆ మొత్తంలో చాలా చిన్న భాగం. కొంచెం ఆమ్లగుణం ఉన్న మట్టి ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటుంది. కారు చౌడు వంటి క్షార నేలల్లో ఆ పట్టు సడలి, కరిగే భాగం పెరుగుతుంది. ఫ్లోరైడ్ పీడిత మెట్ట ప్రాంతాల్లో తరచు కనిపించేది ఈ రెండో పరిస్థితే.

కరిగిన ఫ్లోరైడ్ నీటితో పాటు వేరులోకి చేరుతుంది. కొంత వేరు కణాల గోడల్లోని కాల్షియంతో కలిసి అక్కడే ఆగిపోతుంది. మిగిలింది నీటిని మోసే నాళాల వెంట పైకెక్కి ఆకులకు చేరుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరవుతుంది కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. అందుకే అది ఆకు కొసల్లో, అంచుల్లో పోగుపడుతుంది. తట్టుకోలేని మొక్కల్లో ముందుగా కొసలు పసుపు తిరిగి, తర్వాత మాడిపోతాయి. ఫ్లోరైడ్ చక్కెరను విడగొట్టి శక్తినిచ్చే ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కణపొరలోని ప్రోటాన్ పంపుల పనిని దెబ్బతీస్తుంది. ఒక మొక్క శుద్ధికి పనికిరావాలంటే ఇంత విషాన్ని లోపలికి తీసుకుని కూడా ఏపుగా ఎదగగలగాలి.

అలాంటి మొక్కల్లో అందరికీ తెలిసినది తేయాకు మొక్క. దాని ముదురు ఆకుల్లో ఎండు బరువు కిలోకు వెయ్యి మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ పోగుపడగలదు. తేయాకు పెరిగే ఆమ్ల నేలల్లో అల్యూమినియం కరుగుతుంది. ఫ్లోరైడ్ దానితో జతకట్టి మొక్కలోకి చేరుతుంది. ఆ జత రూపంలో ఉండటం వల్ల మొక్కకు హాని తగ్గుతుంది. అయితే తేయాకుకు కొండ చలి, ఎక్కువ వాన, పుల్లని నేల కావాలి. నల్లగొండ చల్కలో, కనిగిరి మెట్టలో ఆ మొక్క బతకదు. ఎక్కువ ఫ్లోరైడ్ పట్టే మొక్క, ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నేల ఒకచోట కలవకపోవడం ఈ విధానానికి ఉన్న తొలి చిక్కు.

మెట్టలో బతికే మొక్కలపైనా పరిశోధన సాగింది. రాజస్థాన్‌లో సర్కారు తుమ్మ మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. మట్టిలో ఫ్లోరైడ్ పెంచుతూ పోయినా ఆ చెట్టు తట్టుకుని పెరిగింది, తన భాగాల్లో ఫ్లోరైడ్‌ను పోగుచేసుకుంది. ఇందులో వేరు వాటా పెద్దది. చెట్టు కొట్టి తీసుకుపోయినా వేరులోది నేలలోనే ఉండిపోతుంది. పైగా సర్కారు తుమ్మ లోతుకు వేళ్లు దించి నీరు లాగే చెట్టు, చుట్టుపక్కల పొలాలను ఆక్రమించే చెట్టు. దాన్ని కావాలని నాటమని ఏ రైతుకూ చెప్పలేం. ఇప్పటికే బీళ్లలో పెరిగి ఉన్నదాన్ని నరికి బొగ్గు కాల్చే చోట మాత్రం అది ఎంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉందో పరీక్షించడం అర్థవంతమైన పని.

గన్నేరు, గంగపాయల వంటి మామూలు మొక్కలను ఫ్లోరైడ్ కలిపిన నీటిలో పెంచి చూసిన ప్రయోగాల్లో గన్నేరు మంచి ఫలితమిచ్చింది. గన్నేరు విషపు మొక్క కాబట్టి పశువులు సాధారణంగా దాన్ని మేయవు. పట్టుకున్న ఫ్లోరైడ్ పాల దారిలోకి, మాంసం దారిలోకి వెళ్లే భయం తక్కువ. గంగపాయల సంగతి వేరు. అది జనం కూరగా వండుకునే ఆకు. శుద్ధికోసం పెంచిన ఆ ఆకును ఎవరూ కోసుకోకుండా కాపలా కాయాల్సి వస్తుంది. నీటిలో తేలే గుర్రపుడెక్క, అంతర తామర వంటి మొక్కలు కూడా తొట్లలో కొంత ఫ్లోరైడ్‌ను తీసుకున్నాయి. అయితే తొట్టిలో కొద్ది రోజుల ఫలితానికీ చెరువులో ఏళ్ల తరబడి ఫలితానికీ చాలా తేడా ఉంటుంది. తేలే మొక్క కుళ్లితే పట్టిన ఫ్లోరైడ్ తిరిగి నీటిలోనే కలుస్తుంది. కాబట్టి కుళ్లకముందే తీసి గట్టుకు చేర్చాలి.

ఇక ఎకరం లెక్క. అర అడుగు లోతు వరకు ఒక ఎకరంలో ఉండే మట్టి దాదాపు 800 టన్నులు. కిలో మట్టికి 300 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుంటే మొత్తం 240 కిలోలు. ఆ ఎకరంలో ఏటా 4 టన్నుల ఎండు పచ్చిరొట్టనో కలపనో పండించి, దానిలో కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఫ్లోరైడ్ చేరిందనుకుందాం. ఏడాదికి బయటికి పోయేది 400 గ్రాములు. ఈ వేగంతో పొలం ఖాళీ కావడానికి 600 ఏళ్లు పడుతుంది. మొత్తం ఫ్లోరైడ్ తీయక్కర్లేదు, కరిగే భాగం తీస్తే చాలు అనవచ్చు. అది మొత్తంలో నూటికి రెండు వంతులైతే దాదాపు 5 కిలోలు. ఏటా 400 గ్రాముల లెక్కన దానికీ పన్నెండేళ్లు కావాలి.

ఇదే ఎకరానికి బోరు నీటితో ఎంత ఫ్లోరైడ్ వచ్చి చేరుతోందో కూడా చూడాలి. ఒక ఆరుతడి పంటకు మొత్తం 50 సెంటీమీటర్ల నీరు పెడితే ఎకరానికి 20 లక్షల లీటర్లు. లీటరులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఒక్క పంటకాలంలో పొలంలో పడేది 6 కిలోలు. అదే వరి అయి 120 సెంటీమీటర్ల నీరు పారితే దాదాపు 15 కిలోలు. అందులో కొంత మళ్లీ భూమిలోకి ఇంకి బోరుకే చేరుతుంది, మిగిలింది మట్టిలో ఉండిపోతుంది. మొక్క ఏడాదికి అరకిలో తీస్తుంటే నీరు పంటకు ఆరు కిలోలు తెచ్చి పోస్తోంది. పై అంకెలు ఉదాహరణకు పెట్టుకున్నవే. అంకెలు కాస్త మారినా, రాక ముందు పోక చాలదన్న సంగతి మారదు. మొక్క ఎంత గట్టిదైనా నీటి ద్వారా వచ్చే రాకను తగ్గించకుండా నేలను శుద్ధి చేయలేదు.

కోసిన పంటను ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. ఫ్లోరైడ్ పట్టిన ఆకును మేతగా వేస్తే పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది. వాటి పళ్లు అరిగిపోతాయి, కాళ్లు బిగుస్తాయి. ఎరువుగా కుళ్లబెడితే ఫ్లోరైడ్ అదే నేలకు తిరిగి చేరుతుంది. పెద్ద వేడిమీద కాల్చితే కొంత హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువుగా గాలిలో కలుస్తుంది, మిగిలింది బూడిదలో చిక్కబడుతుంది. నీరు దిగని అడుగు ఉన్న గుంతలో, సున్నంతో కలిపి పూడ్చడమే ఉన్నవాటిలో మెరుగైన దారి. ఈ ఖర్చును లెక్కలో వేయని ప్రణాళిక సగం ప్రణాళికే.

తినే పంటల ఎంపికలోనూ ఈ శాస్త్రం పనికొస్తుంది. ఫ్లోరైడ్ ఆకుల్లో ఎక్కువగా, గింజల్లో, పండ్లలో తక్కువగా చేరుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న బోరు కింద పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు పండించడం తగ్గించి, గింజ పంటలకు మళ్లించడం మంచిది. జొన్న, సజ్జ, కొర్ర, కంది వంటివి తక్కువ నీటితో పండుతాయి. వరి తగ్గి ఇవి పెరిగినా, తడులకు బదులు డ్రిప్ వచ్చినా, నీరు తగ్గిన నిష్పత్తిలోనే పొలంలోకి వచ్చే ఫ్లోరైడ్ కూడా తగ్గుతుంది. నేలలోంచి ఫ్లోరైడ్‌ను పీల్చే మొక్కకంటే, తక్కువ నీరు తాగే మొక్కే ఇక్కడ ఎక్కువ మేలు చేస్తుంది.

సూక్ష్మజీవుల దగ్గరికి వస్తే, వాటికీ ఫ్లోరైడ్ విషమే. ఆమ్ల పరిసరాల్లో ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి, కణపొరను సులువుగా దాటుతుంది. లోపల ఆమ్లత తక్కువ కాబట్టి తిరిగి విడిపోయి ఫ్లోరైడ్ అయానుగా చిక్కుకుంటుంది. దాన్ని బయటికి నెట్టకపోతే కణం బతకదు. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రేకర్ బృందం ఒక కొత్త సంగతి బయటపెట్టింది. ఎన్నో బ్యాక్టీరియాల్లో ఫ్లోరైడ్‌ను పసిగట్టే ఆర్ఎన్ఏ మీట ఒకటి ఉంది. ఫ్లోరైడ్ అయాను దానికి తగలగానే రక్షణ జన్యువులు పని మొదలుపెడతాయి. ఆ జన్యువుల నుంచి తయారయ్యే ప్రొటీన్లలో ఫ్లోరైడ్‌ను కణం బయటికి పంపే ద్వారాలు ఉన్నాయి. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ మిల్లర్ బృందం ఆ ద్వారాల పనితీరును వివరించింది. ఈస్టుల్లో, మొక్కల్లో కూడా ఇలాంటి ప్రొటీన్లున్నాయి.

ఈ ఆవిష్కరణ శుద్ధి పద్ధతులకు ఒక హెచ్చరిక. ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీటిలోంచి, మట్టిలోంచి తట్టుకునే బ్యాక్టీరియాను వేరుచేసిన పరిశోధనలు రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల నుంచి చాలానే వచ్చాయి. తట్టుకోవడమంటే పట్టుకోవడం అని అనుకోవడానికి లేదు. చాలా బ్యాక్టీరియా తట్టుకునేది ఫ్లోరైడ్‌ను బయటికి గెంటడం వల్లే. అలాంటి బ్యాక్టీరియాను నీటిలో వదిలితే నీటిలోని ఫ్లోరైడ్ నీటిలోనే ఉంటుంది. నీటిలోంచి ఫ్లోరైడ్ తగ్గిందని చూపే ప్రయోగంలో, తగ్గినది కణం లోపలికి పోయిందా, కణం పైపొరకు అంటుకుందా, ఖనిజంగా దిగిందా అని వేరువేరుగా కొలవాలి.

మరో గందరగోళం కూడా ఉంది. కార్బన్, ఫ్లోరిన్ మధ్య బంధాన్ని తెంచే సూక్ష్మజీవులు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో పశువులను చంపే గిఫ్‌బ్లార్ అనే మొక్కలో ఫ్లోరోఎసిటేట్ అనే విషం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్‌లను కొన్ని మట్టి బ్యాక్టీరియాల్లో గుర్తించారు. ఎంతకీ చెదరని ఫ్లోరిన్ రసాయనాలను విడగొట్టే బ్యాక్టీరియా కోసమూ వెదుకులాట సాగుతోంది. ఆ పనికి విలువ ఉంది, కానీ అందులో చివరకు మిగిలేది ఫ్లోరైడే. అది బోరు నీటి సమస్యకు జవాబు కాదు.

బోరు నీటికి సంబంధించి సూక్ష్మజీవులు చేయగల అసలు పని ఖనిజాన్ని దించడం. యూరియాను విడగొట్టే స్పోరోసార్సినా పాశ్చూరీ వంటి బ్యాక్టీరియా అమ్మోనియాను, కార్బొనేట్‌ను విడుదల చేస్తుంది. నీరు మరింత క్షారంగా మారుతుంది. అక్కడ కాల్షియం ఉంటే కార్బొనేట్‌తో కలిసి కాల్సైట్ అనే ఖనిజంగా దిగుతుంది. దిగేటప్పుడు కొంత ఫ్లోరైడ్‌ను తనతో తీసుకుపోతుంది, కొంత కాల్షియం ఫ్లోరైడ్‌గానూ దిగవచ్చు. ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా తర్వాత నైట్రేట్‌గా మారి నీటిని మరోరకంగా పాడుచేస్తుంది. రెండోది కాల్షియం ఫ్లోరైడ్ స్వభావం. అది పూర్తిగా కరగనిది కాదు. శుద్ధమైన నీటిలో వేస్తే లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వదిలేంత కరుగుతుంది. దాన్ని 1.5కు దించాలంటే ఆ నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైగా కరిగిన కాల్షియం ఉండాలి. కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న పారిశ్రామిక వ్యర్థజలాన్ని సగానికి దించడానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. 3 మిల్లీగ్రాముల బోరు నీటిని తాగునీటి హద్దులోకి తేవడానికి ఇదొక్కటే చాలదు.

ఫాస్ఫేట్ తోడైతే పరిస్థితి మారుతుంది. కాల్షియం, ఫాస్ఫేట్, ఫ్లోరైడ్ కలిసి ఏర్పడే ఫ్లోరాపటైట్ చాలా తక్కువగా కరుగుతుంది. ఎముకబొగ్గు ఫ్లోరైడ్‌ను బాగా పట్టడానికి కారణం అదే. ఎముకలోని హైడ్రాక్సీ అపటైట్‌లో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. కెన్యా, టాంజానియా దేశాల్లో ఎముకబొగ్గు వడపోతను ఊళ్ల స్థాయిలో వాడారు. మన దగ్గర ఎముకతో వడపోసిన నీటిని తాగడానికి చాలామంది ఒప్పుకోరు. ఇదే రసాయనం ఎదురు దిశలోనూ నడుస్తుంది. రాతి ఫాస్ఫేట్‌లో నూటికి రెండు నుంచి నాలుగు వంతుల ఫ్లోరిన్ ఉంటుంది. దాన్ని కరిగించే బ్యాక్టీరియా పంటకు భాస్వరం అందించేటప్పుడు ఫ్లోరైడ్‌ను కూడా విడుదల చేస్తుంది. ఫ్లోరైడ్ పీడిత నేలల్లో భాస్వరం ఎరువుల మోతాదు నిర్ణయించేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

బతికున్న జీవుల కంటే చనిపోయిన జీవుల శరీరాలే ఫ్లోరైడ్‌ను పట్టడంలో తేలికగా పనికొస్తాయి. వాటికి మేత అక్కర్లేదు, విషానికి అవి చావవు, బయటికి గెంటే ద్వారాలు వాటికి పనిచేయవు. కణగోడల పైనున్న హైడ్రాక్సిల్, అమైనో, కార్బాక్సిల్ గుంపులకు ఫ్లోరైడ్ అంటుకుంటుంది. దీనికి అధిశోషణం అని పేరు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు 2007లో స్పైరోగైరా అనే ఆకుపచ్చ నాచుతో ఫ్లోరైడ్‌ను పట్టే ప్రయోగాల ఫలితాలు వెలువరించారు. అదే బృందం ముత్యపుచిప్ప పుట్టగొడుగు బూజుతోనూ ఇలాంటి పని చేసింది. చింతగింజల పొడి, మునగ గింజలు, వేప ఆకు, తులసి, వరి ఊక, రొయ్యల పెంకు నుంచి తీసే కైటోసాన్ కూడా ఈ వరుసలో ఉన్నాయి. ఉత్త పొడికంటే అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం వంటి లోహాలు ఎక్కించిన పొడి ఎక్కువ ఫ్లోరైడ్‌ను పడుతుంది. ఎందుకంటే ఫ్లోరైడ్‌కు ఆ లోహాలతో బంధం బలంగా ఉంటుంది.

ప్రయోగశాల బీకరులో నీరు సాధారణంగా ఫ్లోరైడ్ తప్ప ఇంకేమీ లేని శుద్ధజలం. ఆమ్లం కలిపి పీహెచ్ కూడా అనువుగా పెట్టుకుంటారు. బోరు నీరు క్షారంగా ఉంటుంది, బైకార్బొనేట్ దండిగా ఉంటుంది. హైడ్రాక్సిల్, బైకార్బొనేట్ అయాన్లు అంటుకునే చోట్ల కోసం ఫ్లోరైడ్‌తో పోటీ పడతాయి. బీకరులో బాగా పనిచేసిన పొడి బోరు నీటిలో చాలా తక్కువ పట్టవచ్చు. పైగా ఆకుపొడి, గింజపొడి నీటికి రంగు, వాసన ఇస్తాయి, సూక్ష్మజీవులు పెరగడానికి ఆహారమవుతాయి. ఇంట్లో కుండలో తులసి ఆకు వేసుకుంటే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకంతో బోరు నీరు తాగడం ప్రమాదం. కొలిచి చూడనిదే నీరు శుద్ధమైందని చెప్పలేం. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నీటిలో ఉండే మోతాదులో రుచీ తెలియదు.

చింతపండుది మరో దారి. అది నీటిని శుద్ధి చేయదు, ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోవడానికి సాయపడుతుంది. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో వెలువరించిన అధ్యయనంలో చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగినట్టు తేలింది. పాలు, ఫ్లోరైడ్ తక్కువ ఉన్న నీటితో పండిన ఆకుకూరలు, విటమిన్ సి ఉన్న పండ్లతో కాల్షియం, ఇతర పోషకాలు అందితే ఫ్లోరోసిస్ తీవ్రత తగ్గుతుంది. ఇవన్నీ మంచినీటికి తోడుగా ఉండాల్సినవి, మంచినీటికి బదులు కావు.

మొక్కలకు, సూక్ష్మజీవులకు నిజంగా తగిన పనులు మూడు కనిపిస్తాయి. మొదటిది క్షార నేలను మార్చడం. నేల పరీక్షలో తేలిన మోతాదు ప్రకారం జిప్సం వేస్తే అందులోని కాల్షియం మట్టిలోని సోడియంను తప్పించి, కొంత ఫ్లోరైడ్‌ను కరగని రూపంలోకి మారుస్తుంది. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నితే, అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు విడిచే బొగ్గుపులుసు వాయువు, ఆమ్లాలు నేల క్షారాన్ని తగ్గిస్తాయి, మట్టిలోని సున్నపు గులకల నుంచి కాల్షియంను కరిగిస్తాయి. ఇక్కడ మొక్క ఫ్లోరైడ్‌ను బయటికి తీయడం లేదు. వేరుకు అందకుండా మట్టిలోనే కట్టిపడేస్తోంది. పారవేసే బెడద లేదు, ఖర్చు రైతుకు అందుబాటులో ఉంటుంది.

రెండో పని ఆర్వో ప్లాంట్ల వ్యర్థజలం. ఆర్వో ఫ్లోరైడ్‌ను మాయం చేయదు, వదిలేసే నీటిలోకి నెడుతుంది. సగం నీరు మంచినీరుగా తీసి సగం వదిలితే, 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ముడినీటి నుంచి వదిలే నీటిలో దాదాపు 6 మిల్లీగ్రాములుంటాయి. ఆ నీటిని ప్లాంటు పక్కనే నేలమీద వదిలితే మళ్లీ అదే బోరులోకి దిగుతుంది. అడుగు నుంచి నీరు ఇంకని తొట్లలో కంకర, సున్నపురాయి, తట్టుకునే గడ్డి జాతులు లేదా గన్నేరు పెంచి, ఆ నీటిని వాటి మీదుగా నెమ్మదిగా పంపితే పరిమాణం తగ్గుతుంది, ఫ్లోరైడ్ ఒకచోట పోగుపడుతుంది. ఒకచోట పోగుపడ్డదాన్ని తీసి భద్రపరచడం, ఊరంతా పరుచుకున్నదాన్ని ఏరడం కంటే తేలిక.

మూడో పని నీటిని పలచబరచడానికి చెట్టూ గడ్డీ తోడ్పడటం. చెక్‌డ్యాములు, ఊటకుంటలు, పొలంగట్ల దగ్గరి కందకాలు వాననీటిని భూమిలోకి పంపుతాయి. పచ్చిక కప్పిన వాలు మీద వాన పారిపోకుండా ఇంకుతుంది. కొత్త వాననీరు చేరినచోట బావుల్లో ఫ్లోరైడ్ మోతాదు తగ్గుతుంది. అయితే ఇంకే నీరు మట్టిలో, రాతి పగుళ్లలో ఉన్న ఫ్లోరైడ్‌ను మొదట్లో కొంత కడిగి తీసుకుపోవచ్చు. కాబట్టి ఊటకుంట తవ్విన తర్వాత చుట్టుపక్కల బోర్ల నీటిని వానకు ముందు, వాన తర్వాత కొన్నేళ్లపాటు పరీక్షిస్తూ ఉండాలి.

ఏ కొత్త పద్ధతి వచ్చినా దానిని అంచనా వేయడానికి మూడు కొలతలు సరిపోతాయి. శుద్ధికి ముందు, తర్వాత నీటిలో ఫ్లోరైడ్ ఎంత అన్నది మొదటిది. అయాన్ ఎలక్ట్రోడ్ అనే పరికరంతో దీన్ని కచ్చితంగా కొలవవచ్చు. ఆ కొలత అసలైన బోరు నీటిమీదే జరగాలి. తగ్గిన ఫ్లోరైడ్ ఎక్కడుందో చూడటం రెండోది. వేరు, కాండం, ఆకు, మట్టి, మడ్డి, వీటన్నిటినీ కొలిచినప్పుడు రాక, పోక, నిలవ ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. ఫ్లోరైడ్ పట్టిన పదార్థాన్ని చివరకు ఏ చోట, ఎంత ఖర్చుతో భద్రపరుస్తారన్నది మూడోది. ఈ లెక్కలన్నీ ఒక్క పంటకాలానికి తేలవు. ఒకే పొలంలో నాలుగైదు ఏళ్లపాటు కొలతలు సాగాలి.

అప్పటివరకు పనుల వరుస స్పష్టంగా ఉంది. తాగడానికి, వండుకోవడానికి నది నీరు లేదా వాననీరు అందాలి. పొలానికి పెట్టే బోరు నీరు తగ్గే పంటలు, పద్ధతులు రావాలి. నేలలో ఉన్న ఫ్లోరైడ్‌ను జిప్సం, పచ్చిరొట్టలతో కదలకుండా కట్టాలి. మిగిలిపోయిన చిక్కని వ్యర్థజలం దగ్గర మొక్కలను, నాచును, సూక్ష్మజీవులను వాడాలి.